చిన్నాయన తెచ్చిన ఇంజన్‌కి డీకోడర్

ఈ పేజీలో ఇంతవరకు ముత్తాత గుంతకల్లు దిక్కు నుంచి హుబ్బళ్ళి రైల్వే వర్క్‌షాప్‌కి వచ్చిన కథ, అవ్వ జొన్నరొట్టెలు, పాత పెళ్లి ఫోటోలు చూసినారు. ఈసారి నేను రాసేది ఒక బొమ్మ రైలింజన్ గురించి. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పదో తరగతి అయినాక సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా జారితే మన్నించండి. అక్క ఒకసారి చదివి దిద్దింది, అయినా నా మీద నాకు నమ్మకం తక్కువ.

ఆ ఇంజన్ మీలో చాలామంది చూసే ఉంటారు. హుబ్బళ్ళి ఇంట్లో హాలు షోకేసులో, నాయన రిటైర్‌మెంట్ ఫోటో పక్కన ఉండేది. 1988లో చిన్నాయన చికాగో నుంచి మొదటిసారి వచ్చినప్పుడు అవ్వకి ఒక స్వెటర్, నాయనకి ఒక నీలం అట్టపెట్టె తెచ్చినాడు. పెట్టెలో ఆథర్న్ వాళ్ల డీజిల్ ఇంజన్, ఎస్‌డీ40-2 అనే అమెరికా ఇంజన్‌కి నమూనా. అసలు ఇంజన్‌లో 87వ వంతు, దాదాపు 24 సెంటీమీటర్ల పొడవు. దీన్నే హెచ్‌ఓ స్కేల్ అంటారు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాంతోపాటు వచ్చిన కరెంటు డబ్బా 110 వోల్టులది. మన 230కి పెడితే కాలిపోతుందని నాయన బజారుకి పోయి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నాడు. ఇప్పటికీ అది గుయ్యిమంటూ పనిచేస్తుంది.

నాయన అప్పటికి మీటర్‌గేజ్‌లో ఉన్నాడు. ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై, బ్రాడ్‌గేజ్ వచ్చినాక డీజిల్ నడిపి, కాసల్‌రాక్ నుంచి కులెం దిగే ఘాట్‌లో ఎన్ని వర్షాకాలాలు చూసినాడో లెక్క లేదు. ఎన్నో ఏళ్లకి హుబ్బళ్ళి షెడ్‌కి డబ్ల్యూడీజీ-4 ఇంజన్లు వచ్చినప్పుడు వాటిని చూసి ఇంటికొచ్చి, "మా తమ్ముడు తెచ్చిన బొమ్మ పెద్దదై వచ్చింది" అన్నాడట. మాట తప్పు కాదు. ఆ రెండూ అమెరికాలో ఈఎండీ అనే ఒకే కంపెనీ గీసిన ఇంజన్లు.

చిన్నాయన 2021లో పోయినాడు, అక్కడే. మనం ఎవ్వరమూ పోలేకపోయినాము. ఆ ఏడాదే నేను బెంగళూరు గది ఖాళీ చేసి, ఇంటి నుంచే పని అని హుబ్బళ్ళి వచ్చేసినాను. మేడమీద గదిలో ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ పలక వేసి, గుండ్రంగా పట్టాలు పరిచి, షోకేసులోని ఇంజన్‌ని కిందికి దించినాను. నాయనకి పొద్దు పోతుందని ఒక ఆలోచన. ఆయనతో మాట్లాడడానికి నాకు ఒక సాకు దొరుకుతుందని ఇంకొకటి.

చేయి వణుకు

పాత పద్ధతిలో బొమ్మ రైలు నడిచే తీరు చాలా సులువు. రెండు పట్టాలకి డబ్బా నుంచి కరెంటు వస్తుంది. బిరడా తిప్పితే సున్నా నుంచి 12 వోల్టుల దాకా పెరుగుతుంది, ఇంజన్ అంత వేగంగా పోతుంది. ప్లస్, మైనస్ మార్చితే వెనక్కి పోతుంది. పట్టాల మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, ఎందుకంటే కరెంటు పట్టాలకి ఇస్తున్నాము గాని ఇంజన్‌కి కాదు.

నాయనకి మూడేళ్లుగా కుడిచేయి వణుకు. మాత్రలు వాడుతున్నాడు, కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు కాఫీ లోటా కూడా రెండు చేతులతో పట్టుకోవాలి. బిరడా మీద ఆ చేయి పెడితే బొమ్మ ఇంజన్ కూడా వణికేది. ముందుకి దూకి, ఆగి, మళ్లీ దూకేది. అయిదారు వ్యాగన్లు తగిలిస్తే ఒకటి పట్టా తప్పేది. నాయన ఏమీ అనలేదు. రెండుసార్లు చూసి, "నువ్వే నడుపు, నేను సిగ్నల్ చూస్తా" అని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఘాట్‌లో 37 అడుగులకి ఒక అడుగు ఎక్కే చోట బొగ్గు లోడు గూడ్స్ నడిపిన మనిషి, బొమ్మ రైలు ముందు కుర్చీ వెనక్కి జరుపుకోవడం నేను చూడలేకపోయినాను. డీసీసీ గురించి చదవడం ఆ రాత్రే మొదలుపెట్టినాను.

డీకోడర్ చేసే పని

డీసీసీ అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతిని ఆధారం చేసుకుని, అమెరికాలోని ఎన్‌ఎంఆర్‌ఏ అనే మోడల్ రైల్వే సంఘం 1990లలో అందరికీ ఒకే ప్రమాణంగా పెట్టింది. ఇందులో పట్టాలకి ఎప్పుడూ నిండుగా కరెంటు ఉంటుంది, హెచ్‌ఓకి సాధారణంగా 14, 15 వోల్టులు. అది సెకనుకి వేలసార్లు దిశ మార్చుకుంటుంది. దిశ మారడానికి పట్టే కాలంలోనే కబురు దాగి ఉంటుంది. 58 మైక్రోసెకన్లు అయితే ఒకటి, 100 లేదా అంతకంటే ఎక్కువ అయితే సున్నా. ఆ ఒకట్లు, సున్నాలు చేరి "మూడో నంబరు ఇంజన్, ముందుకి, ఇంత వేగం" అనే మాట అవుతుంది.

ఆ మాట వినేది ఇంజన్ లోపల పెట్టే వేలెడంత పలక. అదే డీకోడర్. తన నంబరు కాని మాటని వదిలేస్తుంది, తనదైతే మోటార్‌కి తగినంత కరెంటు ఇస్తుంది. లైటు వేయమంటే వేస్తుంది. దాని లోపల సీవీలు అని చిన్న చిన్న గళ్లు ఉంటాయి, ఒక్కొక్క గడిలో ఒక అంకె. సీవీ1లో ఇంజన్ నంబరు, సీవీ3లో వేగం అందుకునే నిదానం, సీవీ4లో ఆగే నిదానం. అంకె మార్చితే ఇంజన్ స్వభావం మారుతుంది.

నాకు కావలసింది ఆ మూడు, నాలుగు గళ్లే. చేయి ఎంత వణికినా ఇంజన్ దూకకుండా సావకాశంగా కదలాలి. హుబ్బళ్ళిలో కన్నడంలోనూ 'సావకాశ' అనే అంటాము, అందుకే మన ఇంట్లో ఆ మాట ఏ భాషదని ఎవరూ అడగరు.

నాయన అభ్యంతరం

ఇంజన్ విప్పుతానంటే నాయన ఒప్పుకోలేదు.

"ఏంటికి రా, బాగా పోతాండేదాన్ని పీకుతావు? వాడు చేత్తో పట్టుకుని తెచ్చినాడు."

కొత్త ఇంజన్లలో అయితే ఈ తలనొప్పి లేదు. చాలావాటి లోపల డీకోడర్ కోసం సాకెట్ ఉంటుంది, గుచ్చితే చాలు, పది నిమిషాల పని. చిన్నాయన తెచ్చిన నీలం పెట్టె ఇంజన్ అట్లాంటిది కాదు. దానిలో ఒక పట్టా కరెంటు చక్రాల నుంచి నేరుగా లోహపు ఫ్రేమ్‌కి వస్తుంది, మోటార్ అడుగున ఉండే బ్రష్ క్లిప్‌కి ఉన్న ముళ్లు ఆ ఫ్రేమ్‌ని తాకి కరెంటు తీసుకుంటాయి. రెండో పట్టా కరెంటు పైన ఉండే ఇనుప బద్ద మీదుగా పై బ్రష్‌కి వస్తుంది. వైర్లు దాదాపు ఉండవు. చౌకగా, గట్టిగా చేసిన పని. కాని డీకోడర్‌కి మోటార్ రెండు బ్రష్‌లూ ఫ్రేమ్‌ని తాకకుండా విడిగా ఉండాలి. అంటే ఆ క్లిప్ ముళ్లు తీసేయాలి, అడుగున ఇన్సులేషన్ వేయాలి, బద్ద తీసి వైర్లు సోల్డర్ చేయాలి.

నాయన మాట నాకూ తగిలింది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: చిన్నాయన తెచ్చిన ఏ భాగాన్నీ కోయకూడదు. విడి క్లిప్ ఒకటి తెప్పించి దాని ముళ్లే తీసినాను. అసలు క్లిప్, బద్ద, పాత బల్బు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి నీలం పెట్టెలోనే పెట్టినాను. రేపు ఎవరైనా పాత ఇంజన్ కావాలంటే అరగంటలో పాతది అవుతుంది. చికాగోలో ఉన్న తమ్ముడికి, అంటే చిన్నాయన కొడుక్కి, ఫోన్ చేసి అడిగినాను. "అన్నా, షోకేసులో ఉండేకంటే తిరిగితే మంచిదే కదా" అన్నాడు. ఆ మాట చెప్పినాక నాయన "సరే, చూసుకోని చెయ్" అన్నాడు.

మొదటిసారి కాల్చింది

నేను చూసుకోని చేయలేదు. ఇది చెప్పుకోవాలంటే సిగ్గు, ఎందుకంటే నా ఉద్యోగమే ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం.

డీకోడర్ల ధరలు చూస్తే కళ్లు తిరిగినాయి. శబ్దం కూడా చేసేవి ఇక్కడికి చేరేసరికి అప్పట్లో పది వేలు దాటేవి. శబ్దం లేని మంచివి మూడు వేల చుట్టూ ఉండేవి. అన్నిటికంటే చౌకది నాకు 1,600కి దొరికింది. చౌకదే కొన్నాను. కమాండ్ స్టేషన్ మాత్రం కొనలేదు. డీసీసీ-ఈఎక్స్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది, దాన్ని ఆర్డుయినో మెగా పలకలో ఎక్కించి, మీద ఒక మోటార్ షీల్డ్ గుచ్చితే అదే కమాండ్ స్టేషన్. రెండూ కలిపి రెండున్నర వేలు దాటలేదు. సామాను బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్నది.

మోటార్ బయటికి తీసి, కొత్త క్లిప్ వేసి, వైర్లు పెట్టినాను. ఈ వైర్ల రంగులు ఏ కంపెనీదైనా ఒకటే, అది ఈ ప్రమాణంలో ఉన్న గొప్ప సుఖం. ఎరుపు, నలుపు పట్టాలకి. నారింజ, బూడిద మోటార్‌కి. తెలుపు ముందు లైటుకి, పసుపు వెనక లైటుకి, నీలం ఆ లైట్లన్నిటికీ ఉమ్మడి ప్లస్. ఫ్రేమ్ మీద కాప్టన్ టేపు అతికించినాను. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్రష్‌లకి, మోటార్ డబ్బాకి ఎక్కడా కలయిక లేదు. సంతోషంగా మోటార్‌ని ఫ్రేమ్‌లో కూర్చోబెట్టి, స్క్రూలు బిగించి, నేరుగా మెయిన్ పట్టాల మీద పెట్టి కరెంటు ఇచ్చినాను.

లైటు వెలిగింది. థ్రాటిల్ తిప్పినాను. ఇంజన్ ఒక అంగుళం కదిలి ఆగింది. తర్వాత వాసన.

కుర్చీలో కూర్చున్న నాయన లేవలేదు, అక్కడి నుంచే అన్నాడు: "మోటార్ ఎర్త్ అయింది రా."

"లేదు నాయనా, మీటర్ పెట్టి చూసినా."

"ఎప్పుడు చూసినావు? బిగించినాక చూసినావా?"

చూడలేదు. విప్పి చూస్తే ఫ్రేమ్ అంచు గరుకు టేపుని గీసి, క్లిప్ ఫ్రేమ్‌ని తాకుతా ఉంది. పట్టా కరెంటు నేరుగా డీకోడర్ మోటార్ వైపుకి వచ్చింది, పలక మీద ఒక చిప్ నల్లబడింది. చౌక డీకోడర్ తప్పు ఏమీ లేదు, అందుకే దాని పేరు రాయడం లేదు. ఏ డీకోడరూ ఆ దెబ్బకి నిలబడుతుందని చెప్పలేము.

మా ఉద్యోగంలో దీనికి పేరు ఉంది. ఒక్కొక్క భాగాన్నీ విడిగా పరీక్షించి, అన్నీ కలిపినాక పరీక్షించకపోవడం. జూనియర్లకి నేనే పాఠం చెప్తాను. అదీకాక ప్రోగ్రామింగ్ పట్టా అని ఒకటి వేరుగా ఉంచుకోవాలి. అక్కడ కరెంటు చాలా తక్కువకి కట్టుబడి ఉంటుంది, తప్పు వైరింగ్ ఉన్నా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. కొత్తగా అమర్చిన ఇంజన్‌ని మొదట దాని మీదే పెట్టి, సీవీ ఒకటి చదివి చూడాలి. చదవమని అడిగితే డీకోడర్ ఒక్క క్షణం మోటార్‌కి కరెంటు ఇచ్చి జవాబు చెప్తుంది. జవాబు వచ్చిందంటే మోటార్ వైర్లు కూడా తగిలినట్టే. ఇదంతా చదివి కూడా తొందరలో దాటేసినాను.

ఆ సాయంత్రం నాయన చాలా మాట్లాడినాడు. అసలు డీజిల్ ఇంజన్‌లో గ్రౌండ్ రిలే అని ఉంటుందట. ఏ మోటార్‌లోనైనా ఇన్సులేషన్ పోయి ఇంజన్ ఒంటికి కరెంటు తగిలితే అది పడిపోయి, ఇంజన్ లాగడం మానేస్తుంది. అప్పుడు డ్రైవర్ ఒక్కొక్క మోటార్‌నీ కట్ అవుట్ చేసి, ఏది చెడ్డదో పట్టుకుని, మిగిలినవాటితో బండిని స్టేషన్‌కి చేర్చాలి. "వానకాలం ఘాట్‌లో, రాత్రి, వెనక లోడు పెట్టుకోని. నీ మాదిరి ఏసీ రూములో గాదు." రిటైరైనాక నాయన డ్యూటీ గురించి అంతసేపు చెప్పడం నేను వినడం అదే మొదలు. 1,600 పోయిన బాధ రాత్రి భోజనానికే తగ్గింది.

రెండోసారి ఎంచుకున్న తీరు

ఈసారి ధర నుంచి మొదలుపెట్టలేదు, మోటార్ నుంచి మొదలుపెట్టినాను. మీలో ఎవరైనా పాత ఇంజన్ మార్చాలనుకుంటే ఈ వరస పనికొస్తుంది.

మొదట మోటార్ ఎంత కరెంటు తాగుతుందో కొలవాలి. పాత డబ్బా 12 వోల్టుల మీద పెట్టి, మధ్యలో మీటర్ తగిలించి, ఇంజన్ కదలకుండా ఒకటి రెండు సెకన్లు మాత్రం గట్టిగా పట్టుకుని చూడాలి. ఇది స్టాల్ కరెంటు. మాదానికి 1.3 ఆంప్స్ వచ్చింది, మామూలుగా లాగేటప్పుడు 0.4. హెచ్‌ఓ డీకోడర్లు ఎక్కువగా ఎడతెగకుండా ఒక ఆంప్, క్షణకాలం రెండు ఆంప్స్ తట్టుకుంటాయి. చిన్న ఇంజన్ల కోసం చేసిన అర ఆంప్, ముప్పావు ఆంప్ డీకోడర్లు కూడా కనబడతాయి. పాత మోటార్‌కి వాటిని పెట్టవద్దు.

రెండోది బ్యాక్ ఈఎంఎఫ్. డీకోడర్ మోటార్‌కి కరెంటు ఇస్తూ మధ్యలో రెప్పపాటు ఆపుతుంది. ఆ క్షణంలో తిరుగుతున్న మోటార్ డైనమో మాదిరి తానే కొంచెం వోల్టేజ్ పుట్టిస్తుంది. దాన్ని చూసి డీకోడర్ అసలు వేగం తెలుసుకుని, తక్కువైతే పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఎక్కుడైనా, దిగుడైనా, చక్రం తిరుగుతుందా లేదా అన్నంత నిదానంలోనైనా బండి ఒకే తీరుగా పోతుంది. నాయనకి కావలసింది ఇదే. అన్నిటికంటే చౌకవాటిలో కొన్నిట్లో ఇది ఉండదు, కొన్నిట్లో ఉన్నా ముతకగా ఉంటుంది. నేను వదలకూడదని గీత గీసుకున్నది ఇక్కడే.

మూడోది ఎక్కువ కరెంటు లాగితే, వేడెక్కితే తనంతట తాను ఆగే రక్షణ. నాలుగోది ప్లగ్. వైర్లు నేరుగా సోల్డర్ చేసే రకం కాకుండా ఎనిమిది పిన్నుల ప్లగ్ ఉన్నది తీసుకుని, ఇంజన్‌లో ఒక సాకెట్ పెట్టినాను. సాకెట్‌కి 250 ఎక్కువైంది. కాని రేపు డీకోడర్ పోయినా, ఇంకా మంచిది వచ్చినా ఇంజన్‌ని మళ్లీ కెలికే పని లేదు. నాయనకి నచ్చింది ఈ ఒక్క మాటే: "ఊడదీసి పెట్టేట్టు ఉండాల. షెడ్‌లో అట్లే."

అయిదోది, ఎక్కడ కొన్నామన్నది. బయటి దేశం నుంచి తెప్పిస్తే డీకోడర్ ధర తక్కువే, పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం చేరేసరికి తేడా కరిగిపోతుంది. పాడైతే వెనక్కి పంపడానికి అయ్యే ఖర్చు దాని ధరలో సగం. అట్లాంటి వారంటీ కాగితం మీదే ఉంటుంది. మన దేశంలో అమ్మేవాళ్ల దగ్గర నాలుగు వందలు ఎక్కువైనా ఫోన్ ఎత్తుతారు. లెంజ్, ఈఎస్‌యూ, జిమో, డిజిట్రాక్స్, టీసీఎస్, ఎన్‌సీఈ అని పేర్లు చాలా ఉన్నాయి. ప్రమాణం ఒకటే కాబట్టి ఎవరి డీకోడర్ అయినా ఎవరి కమాండ్ స్టేషన్ మాటైనా వింటుంది. ఆ రోజు దొరికినవాటిలో నా గీత దాటిన మధ్యరకం ఒకటి 3,100కి తీసుకున్నాను.

శబ్దం వద్దనుకున్నాము. అది నాయన తీర్పు. "హారన్ నేనే కొడతా" అని నోటితో రెండు నిడివి, ఒక పొట్టి, ఒక నిడివి కొట్టి చూపించినాడు. కింద నుంచి అమ్మ "ఏమైంది?" అని అరిచింది. కొన్ని వేలు మిగిలినాయి.

సావకాశంగా

ఈసారి ఫ్రేమ్ అంచు ఆకురాయితో నున్నగా చేసి, టేపు రెండు పొరలు వేసి, బిగించకముందు ఒకసారి, బిగించినాక ఒకసారి, పై డొప్ప మూసినాక ఒకసారి మీటర్ పెట్టినాను. నాయన పక్కన నిలబడి చూసినాడు. పాత బల్బు ఒక కాలు ఫ్రేమ్‌కే ఉండేది, దాని బదులు ఎల్‌ఈడీ, వరసలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినాను. చక్రాలు పాతకాలపు పొడిలోహపువి, మురికి తొందరగా పడతాయి. స్పిరిట్ గుడ్డతో తుడిచినాను. డీసీసీలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మురికి మీద కరెంటుతోపాటు కబురు కూడా తెగుతుంది.

ప్రోగ్రామింగ్ పట్టా మీద పెట్టి సీవీ1 చదివితే 3 అని వచ్చింది. కొత్త డీకోడర్లన్నీ మూడో నంబరుతోనే పుడతాయి. ఏ నంబరు పెట్టమంటావని నాయనని అడిగినాను. "88" అన్నాడు. చిన్నాయన వచ్చిన సంవత్సరం అని నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది.

ముందుకి అంటే ఇంజన్ వెనక్కి పోయింది. నాయన నవ్వి, "రివర్సర్ తప్పు వేసినావు" అన్నాడు. నారింజ, బూడిద వైర్లు తారుమారు చేసినాను. మళ్లీ సోల్డరింగ్ అక్కర్లేదు. సీవీ29లో 6 ఉన్నచోట 7 వేస్తే దిశ మారుతుంది. ఆ 6లోనే ఇంకొక సంగతి ఉంది. అందులో ఉన్న 4 వల్ల ఈ డీకోడర్ పాత డబ్బా కరెంటు మీద కూడా నడుస్తుంది. కొందరు దాన్ని తీసేయమంటారు, డీసీసీ కబురు చెడినప్పుడు ఇంజన్ పొరపాటున పరుగెత్తవచ్చని. నేను ఉంచినాను. గుయ్యిమనే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా పనిలో ఉంచాలని. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు అని పెరిగినవాడిని, రెండిట్లో ఒకటి తీసేయమంటే నాకు చేయి రాదు.

ఇక చేతి సంగతి. ఫోన్ యాప్‌తో నడపవచ్చు గాని, వణికే వేలికి ఫోన్ అద్దం బిరడా కంటే కష్టం. అసలు డీజిల్ ఇంజన్ థ్రాటిల్‌కి ఎనిమిది నాచ్‌లు ఉంటాయి. అందుకే టక్ టక్ మని మెట్లు పడే గట్టి రోటరీ స్విచ్ ఒకటి తెచ్చి, ఆర్డుయినోకి కలిపి, ఎనిమిది మెట్లకి ఎనిమిది వేగాలు రాసినాను. చేయి వణికినా స్విచ్ మెట్టు దాటదు. ఒకవేళ దాటి వెనక్కి వచ్చినా సీవీ3, సీవీ4 ఉన్నాయి కాబట్టి ఇంజన్‌కి దూకే తీరిక ఉండదు.

సీవీ3లో 10 పెట్టినాను. నాయన చూసి, "ఇది కారా?" అన్నాడు. ఈ అంకెకి లెక్క ఉంది. దాన్ని 0.896తో గుణిస్తే సున్నా నుంచి పూర్తి వేగం అందుకోవడానికి పట్టే సెకన్లు. 25 పెడితే 22 సెకన్లు. "ఇప్పుడు లోడు తగిలినట్టుంది" అన్నాడు. ఆగడానికి సీవీ4లో 20 పెడితే ఒప్పుకోలేదు. "థ్రాటిల్ మూస్తే గూడ్స్ ఊరికే నిలబడుతుందా? దాని బరువే దాన్ని తోస్తాది. ముందే చూసుకోని మూయాల." 40కి ఒప్పుకున్నాడు, పూర్తి వేగం నుంచి దాదాపు 36 సెకన్లు. నాకు భయమేసి ఒక ఎర్ర బటన్ వేరుగా పెట్టినాను. ఎమర్జెన్సీ స్టాప్‌కి సీవీ4తో పని లేదు, వెంటనే ఆగుతుంది. నాయన ఇంతవరకు దాన్ని నొక్కలేదు. మా పాప రెండుసార్లు నొక్కి తిట్లు తినింది.

ఒక ఆదివారం రాత్రి చికాగో తమ్ముడికి వీడియో కాల్ పెట్టినాము. అక్కడ పొద్దున. నాయన కుర్చీ ముందుకి జరుపుకుని, నోటితో హారన్ కొట్టి, ఒకటో నాచ్ వేసినాడు. లైటు వెలిగింది. రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టే ఉంది. తర్వాత తొమ్మిది వ్యాగన్ల కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ బండి కదిలింది. చేయి స్విచ్ మీద వణుకుతానే ఉంది. బండి వణకలేదు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెద్దనాయనా, ఇంకోసారి మొదటి నుంచి పోనీ" అన్నాడు.

"తొందరపడొద్దు రా. నిలబడాల ముందు" అని నాయన నాచ్ సున్నాకి తెచ్చి, అది నిలబడేదాకా మాట్లాడకుండా చూస్తా కూర్చున్నాడు.

కాలిన డీకోడర్‌తో కలిపి మొత్తం ఖర్చు ఎనిమిది వేల లోపే అయింది, కమాండ్ స్టేషన్, స్విచ్ అన్నీ అందులోనే. మీ ఇళ్లలో అటక మీద ఎవరో తెచ్చిన పాత ఇంజన్ ఉంటే పారేయకండి, తొందరపడి విప్పకండి కూడా. ముందు మోటార్ కరెంటు కొలిచి, బ్రష్ ఫ్రేమ్‌ని తాకుతుందా లేదా చూసి నాకు చెప్పండి. ఏ డీకోడర్ సరిపోతుందో నేను చూస్తాను. బిగించినాక మళ్లీ మీటర్ పెట్టినారా అని అడగడానికి మాత్రం నాయన ఉన్నాడు.